చేతులది కాదు తప్పు

మా అత్తగారికి డెబ్బై దాటాయి. మొన్న మొన్నటి దాకా యింట్లో కూరలన్నీ ఆవిడే తరిగేవారు. పొద్దున్నే కాఫీ తాగి కత్తిపీట ముందు కూచుంటే, మేము స్నానాలు చేసి వచ్చేసరికి బెండకాయలు పళ్ళెంలోనూ, వంకాయలు వుప్పునీళ్ళ గిన్నెలోనూ సిద్ధంగా వుండేవి. మోకాళ్ళ నొప్పులు వచ్చాక కత్తిపీట అటకెక్కింది. బల్లమీదకి చాకూ, చెక్కా వచ్చాయి. అయినా ఆవిడ పని మానలేదు.

కిందటేడు ఒకరోజు చాకు పక్కన పెట్టేసి, "నా చేతుల్లో సత్తువ లేదే అమ్మాయ్, యిక నువ్వే చూసుకో" అన్నారు. పెద్దతనం కదా అని మేమూ వూరుకున్నాం. ఆవిడ మాత్రం వంటింటి వైపు రావడమే తగ్గించారు. చేసేందుకు పనిలేని చోట వచ్చి కూచోవడం ఆవిడకి చిన్నతనంగా తోచిందేమో.

నాలుగు రోజులు తిరక్కుండా నేను టమాటా కోస్తుంటే, చాకు తొక్కమీద జారి నా వేలు తెగింది. కట్టు కట్టుకుని, చాకుని కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. అంచు పొడవునా తెల్లగా ఒక గీత మెరిసింది. పదునైన అంచు అలా మెరవదు. వెలుతురు తగిలి వెనక్కి రావడానికి దానికి వెడల్పే వుండదు. మొద్దుబారి, గుండ్రబడిన అంచే మెరుస్తుంది. సత్తువ తగ్గింది ఆవిడ చేతుల్లో కాదు, చాకులో!

పదునైన చాకంటే మనకు భయం. నిజానికి వేళ్ళు ఎక్కువగా తెగ్గోసేది మొద్దు చాకే. తెగడం లేదని బలంగా వత్తుతాం. వత్తితే జారుతుంది. జారిన చాకు వెనక మన బలమంతా వుంటుంది. పోనీ, వేళ్ళ సంగతి వదిలేయండి. ఉల్లిపాయ మాట చూడండి. పదునున్న చాకు పొరల్ని కోస్తుంది, లేనిది నలుపుతుంది. నలిగినకొద్దీ ఘాటు ఎక్కువ, కళ్ళనీళ్ళూ ఎక్కువ. కొత్తిమీర నల్లబడటమూ, టమాటా రసం కారిపోవడమూ యీ నలుగుడు వల్లనే.

మరి పదును ఎలా? వీధిలో సానవాడి కేక వినబడితే పరుగెత్తుతాం. చేయి తిరిగినవాడైతే మంచిదే. కాని తిరిగే చక్రం మీద పొడిగా, గట్టిగా వత్తితే అంచు వేడెక్కుతుంది. ఉక్కు మీద నీలిరంగు కనిపించిందంటే వేడి మూడు వందల డిగ్రీల దరిదాపుకి వెళ్ళి, అక్కడి గట్టిదనం పోయిందన్నమాట. ఆ చాకు వారం తిరక్కుండా మళ్ళీ మొద్దుబారుతుంది. సన్నికల్లు మీద నూరడం పాత అలవాటు. నల్లరాతిలో గట్టి రేణువులూ, మెత్తని రేణువులూ కలిసి వుంటాయి. అందువల్ల అంచు కొంచెం తెగుతుంది గాని రంపంలా గరుకుగా వుంటుంది. అత్యవసరానికి ఆవకాయ జాడీని బోర్లించి, అడుగున మెరుపు పూత లేని చుట్టు మీద నాలుగుసార్లు రాయవచ్చు. అది ఆపద్ధర్మమే. ఇంట్లో వుండవలసింది సానరాయి.

ఈ రాళ్ళ కథలో మనకూ కొంత పాలు వుంది. వజ్రం తరవాత గట్టిదిగా పేరుపొందిన ఖనిజం కురువిందం. ఇంగ్లీషువారి 'కోరండం' అన్న మాట మన దక్షిణాది మాట నుంచే వెళ్ళింది. 1891లో ఆచెసన్ అనే అమెరికన్ బంకమన్నునూ, బొగ్గునూ విద్యుత్తుతో కాల్చితే, దానికన్నా గట్టి పలుకులు దొరికాయి. వాటికి ఆయన 'కార్బొరండం' అని పేరు పెట్టాడు. దుకాణంలో దొరికే నల్లని, బూడిదరంగు రాళ్ళు చాలామట్టుకు అవే. పోతే, కత్తుల ఉక్కుకి దేశదేశాల్లో పేరు తెచ్చినవాటిలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. అక్కడి ఉక్కు కోసం పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. అటువంటి నేలమీద మనం టమాటా కోయలేక అవస్థ పడుతున్నాం!

రాయి కొనేటప్పుడు దానిమీద వేసిన అంకె చూడండి. ఆ అంకె జల్లెడ లెక్కనుంచి వచ్చింది. అంగుళం పొడవులో ఎన్ని కన్నాలున్న జల్లెడలోంచి ఆ రేణువులు దిగాయో ఆ అంకె. అంకె పెరిగినకొద్దీ పిండి మెత్తన. పూర్తిగా మొద్దుబారిన చాకుకి నాలుగు వందల అంకె రాయి, మామూలు పదునుకి వెయ్యి. మూడువేలు వుంటే మరీ నున్నగా వస్తుంది గాని, కూరగాయలకి వెయ్యి చాలు. ఒకవైపు గరుకు, మరొకవైపు నునుపు వున్న జంట రాయి కొంటే ఒక్కటే రెండు పనులకూ సరిపోతుంది. పొడవు ఏడెనిమిది అంగుళాలూ, వెడల్పు రెండంగుళాలకు తగ్గకుండానూ వుండాలి. పొట్టి రాయి మీద చాకు నిలకడగా నడవదు. దుకాణంలోనే స్కేలు అంచు రాయి మీద నిలబెట్టి, కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. ఎగుడుదిగుడు రాయి వద్దు. ఇంటిల్లిపాదీ ఒక సినిమాకి వెళ్ళివచ్చే ఖర్చులో మంచి రాయే వస్తుంది.

నీళ్ళా, నూనా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. నూనె పీల్చిన రాయి తరవాత నీళ్ళతో సరిగా పనిచేయదు. వంటింట్లోకి నీళ్ళ రాయే సుఖం. నూనె రాయి అయితే కుట్టుమిషను నూనె వాడి, పని కాగానే చాకుని సబ్బుతో కడగండి. వేరుశనగ నూనె, కొబ్బరి నూనె పోయకండి. జిగటకట్టి రాయి పూడుకుపోతుంది.

ఇక పని. రాయిని నీళ్ళలో వేసి బుడగలు ఆగేదాకా వుంచండి. కొన్ని రాళ్ళకు పైన చల్లితే చాలు, దానితో వచ్చిన కాగితం చూసుకోండి. తడిగుడ్డ మడిచి బల్లమీద పరచి, రాయిని దానిమీద పెడితే కదలదు. మొదట గరుకు వైపు.

అందరూ తప్పేది చాకు ఎత్తు దగ్గర. దీనికి ఒక సులువైన కొలత వుంది. చాకు ఎంత వెడల్పో అందులో మూడోవంతు వెన్ను పైకి లేవాలి. ఒకటిన్నర అంగుళం వెడల్పు చాకైతే అర అంగుళం. అప్పుడు అంచు రాయికి యించుమించు ఇరవై డిగ్రీల వాటంలో ఆనుతుంది. మొదట్లో ఆ ఎత్తుకి ఒక చెక్కముక్క పక్కన పెట్టి చూసుకోండి. ఆ వాటం చివరిదాకా మారకూడదు. బలంకన్నా నిలకడ ముఖ్యం.

అంచుని మీ వైపు వుంచి, మడమ నుంచి మొనదాకా కొంచెం కొంచెంగా ముందుకీ వెనక్కీ నడపండి. ముందుకి తోసేటప్పుడు మాత్రం కాస్త వత్తండి, వెనక్కి తేలిగ్గా రానివ్వండి. రాయి మీద బూడిదరంగు బురద చేరుతుంది. కడిగేయకండి, పని చేసేది అదే. కాసేపయ్యాక రెండోవైపు వేలిని వెన్ను నుంచి అంచు బయటికి మెల్లగా జార్చి చూస్తే సన్నని గరుకు తగులుతుంది. అంచు పొడవునా అది తగిలితేనే యిటువైపు పని అయినట్టు. చాలామంది యిది రాకముందే తిప్పేసి, రాయి మంచిది కాదంటారు. తరవాత చాకు తిప్పి, అంచు అవతల వైపుకి వుంచి, యీసారి మీ వైపుకి లాగేటప్పుడు వత్తండి. ఇదే వరస నునుపు వైపునా చేసి, చివరికి అటొకటి, యిటొకటి, వత్తకుండా పదిసార్లు నడిపితే ఆ గరుకు రాలిపోతుంది. పరీక్షకు వేలు వద్దు. పాత వార్తాపత్రిక కాగితం చాలు.

కత్తిపీట అయితే రాయిని దాని దగ్గరికి తేవాలి. వెన్ను వైపునుంచి అంచు వైపుకి రాయిని నడపండి. వేళ్ళు రాయి అంచు దాటి రాకూడదు. చింతపండు, మామిడికాయ తగిలిన యినుప కత్తిని వెంటనే కడిగి తుడవండి. పులుపు అంచుని తినేస్తుంది. రంపపు పళ్ళున్న రొట్టె చాకుల్ని యీ రాయి మీద పెట్టకండి.

పదును నిలవాలంటే గట్టుమీదా, స్టీలు పళ్ళెంలోనూ తరగడం మానండి. చెక్క పలకే మేలు. పదును చాకుని అంట్ల గిన్నెల్లో వేయడం మహాపాపం. అంట్లు తోమే మనిషి చేతులూ చేతులే. మరొక మాట, సాన పట్టిన రోజున యింట్లో అందరికీ చెప్పండి. మొద్దు చాకుకి అలవాటుపడిన చెయ్యి పాత బలంతోనే వత్తుతుంది.

ఆ ఆదివారం అరగంట కష్టపడి మా చాకు బాగుచేశాను. అత్తగారి ముందు రెండు టమాటాలు పెట్టి, "ఒక్కసారి చూడండత్తయ్యా" అన్నాను. వద్దంటూనే పుచ్చుకున్నారు. చాకు అలా ఆనించగానే తొక్క తెగింది. ఆవిడ ఒక్క క్షణం చాకు వైపూ, తన చేతుల వైపూ చూసుకున్నారు. "ఏమే, యిన్నాళ్ళూ నా చేతుల్ని అన్నానుగదే!" అని నవ్వి, బుట్టలో వున్న బీరకాయలు కూడా యిటు తెమ్మన్నారు.

మీ యింట్లోనూ పెద్దవాళ్ళెవరైనా చేతకావడం లేదని ఏ పనైనా వదిలేశారా? పెద్దతనం అని సరిపెట్టుకునే ముందు, వాళ్ళ చేతిలో వున్న పనిముట్టుని ఒక్కసారి వెలుతురులో పట్టి చూడండి.