పాడినవాడికి కూలి ఇవ్వాలి

రైలు పెట్టెలో ఎవరైనా పాడుతూ వస్తే మనం ఏం చేస్తామో మనకు తెలుసు. కిటికీ వైపు తిరుగుతాం. ఫోన్‌లో తల దూరుస్తాం. నిద్ర నటిస్తాం. పాట బాగుంటే చెవి అటే ఉంటుంది, కాలి బొటనవేలు తాళం కూడా వేస్తుంది. చరణం ముగిసి ఆ చెయ్యి మన ముందుకు వచ్చేసరికి మాత్రం ‘చిల్లర లేదు, ముందుకెళ్ళు’ అంటాం. కాస్త నోరున్నవాళ్ళు అక్కడితో ఆగరు. ‘దుక్కలా ఉన్నావు, ఏదైనా పని చేసుకోవచ్చుగా’ అని నీతి చెబుతారు. ఆ మాట అన్నవాళ్ళను సూటిగా అడుగుతున్నాను: ఇంతసేపూ ఆ మనిషి చేసింది పని కాకపోతే మరేమిటి?

కదిలే రైల్లో పాడటం ఎంత కష్టమో ఆలోచించండి. చక్రాల చప్పుడు, ఫ్యాన్ల రొద, పల్లీలవాళ్ళ కేకలు, చంటిపిల్లల ఏడుపు. వీటన్నిటినీ దాటుకుని గొంతు పెట్టె ఆ చివరిదాకా వినపడాలి. బాగా రాకపోతే మళ్ళీ పాడదామనుకునే వీల్లేదు. ఒక చేత్తో ఏదో ఒక కమ్మీ పట్టుకోవాలి, రెండో చేత్తో చిడతలు వాయించాలి, శ్రుతి తప్పకూడదు, కూర్చున్నవాళ్ళ కాళ్ళు తొక్కకూడదు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వైపు వచ్చే బండ్లలో చూపులేని దంపతులు పాడుతూ రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. ముందు ఆవిడ, ఆవిడ భుజం మీద చెయ్యి వేసుకుని ఆయన. ఎక్కడ ఘంటసాల పాట ఎత్తుకోవాలో, ఎక్కడ అమ్మవారి పాట పాడాలో మనుషుల అలికిడిని బట్టే పసిగడతారు. పెద్దవాళ్ళ మాటలు ఎక్కువగా వినపడితే పాత పాట, కాలేజీ పిల్లల నవ్వులు వినపడితే నిన్నమొన్నటి పాట. గురువు లేడు, సభ లేదు, శాలువా లేదు. ఏళ్ళ తరబడి ఈ పెట్టెల్లోనే తిరిగి సంపాదించుకున్న విద్య అది.

మన చట్టం దీన్ని విద్యగా చూడదు. 1989 నాటి రైల్వే చట్టం 144వ సెక్షన్‌లో రెండు పనుల్ని పక్కపక్కనే పెట్టారు: లైసెన్స్ లేకుండా సరుకు అమ్మడం, బిచ్చమెత్తడం. ఏడాది దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా అని అప్పట్లో రాశారు. అయితే అమ్ముకునేవాడికి ఆ సెక్షన్‌లోనే ఒక దారి చూపించారు. రైల్వే లైసెన్స్ ఇస్తే అమ్ముకోవచ్చు. టీకి ఉంది, సమోసాకు ఉంది, పుస్తకాలకు ఉంది. పాటకు ఏదీ? పాడేవాడు ఏ అధికారి దగ్గరకు వెళ్ళి దరఖాస్తు పెట్టుకోవాలి? దారి చూపించరు, దారి తప్పాడని పట్టుకుంటారు. పాడి డబ్బు అడిగినవాడు బిచ్చగాడి లెక్కలోకే పోతాడు.

ఈ చూపు కొత్తది కాదు. 1959లో బొంబాయి రాష్ట్రం బిచ్చాన్ని నిషేధిస్తూ చేసిన చట్టం పాడటం, ఆడటం, జోస్యం చెప్పడం వంటివన్నీ బిచ్చమెత్తడానికి సాకులుగానే లెక్కగట్టింది. ఆ చట్టాన్నే ఢిల్లీకీ వర్తింపజేశారు. బిచ్చాన్ని నేరం చేసిన సెక్షన్లను ఢిల్లీ వరకు 2018 ఆగస్టులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. చట్టంలో కొట్టేసినంత మాత్రాన మనుషుల్లో పోదు. మన రైళ్ళలో, బస్సుల్లో ఆ చూపు నిక్షేపంగా బతికే ఉంది.

కానీ పాడి అడగడం ఈ నేల మీద హక్కు. డక్కలివాళ్ళు కిన్నెర పట్టుకుని మాదిగవాడకు వచ్చి జాంబపురాణం చెబితే, ఆ వాడ వాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చి తీరాలి. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్ళకూ అలాంటి హక్కే. ఏ ఊరు ఎవరి వంతో పంచుకుని, తరతరాలుగా మిరాశీగా అనుభవించారు. సంక్రాంతి నెల పట్టగానే హరిదాసు కోసం గుమ్మంలో ఎదురుచూసి, అక్షయపాత్రలో బియ్యం పోసి దండం పెడతాం. ఆయన్ని ‘పని చేసుకోవచ్చుగా’ అని ఎవరైనా అంటారా? అంటే ఇంట్లో పెద్దవాళ్ళు చెంప పగలగొడతారు.

ఇంకా పైకి వెళదాం. త్యాగరాజస్వామి బతికింది ఉంఛవృత్తితో. తిరువయ్యారు వీధుల్లో పాడుకుంటూ వెళ్ళి, గృహస్థులు వేసిన బియ్యంతో ఇల్లు గడిపాడు. ఏటా పుష్య బహుళ పంచమినాడు ఆయన ఆరాధనలో ఆ ఉంఛవృత్తిని ఊరేగింపుగా జరుపుతారు. పట్టుపంచెలు కట్టుకుని, తంబురలు పట్టుకుని, భక్తితో. నేను ఆ భక్తిని తప్పుపట్టడం లేదు, దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ వీధిలో పాడి బియ్యం అడిగిన మనిషిని దేవుడి పక్కన కూర్చోబెట్టిన జాతి, పెట్టెలో పాడి పది రూపాయలు అడిగిన మనిషిని ఏ ముఖంతో గెంటేస్తుంది? తేడా సంగీతంలో లేదు. కట్టుకున్న బట్టలో ఉంది, పుట్టిన కులంలో ఉంది. ఒకరు పాడి అడిగితే వ్రతం, ఇంకొకరు పాడి అడిగితే న్యూసెన్స్. ఈ మాట మనకు గుచ్చుకోవాలి. గుచ్చుకోవాలనే రాస్తున్నాను.

దర్శనం మొగులయ్య సంగతే చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాళ్ళలో మిగిలిన అతి కొద్దిమందిలో ఒకరు. సినిమాలో ఆయన గొంతు వినపడ్డాక రాష్ట్రమంతా మురిసిపోయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో కట్టడాల దగ్గర కూలి పని చేస్తూ కనిపించాడు. మనం చప్పట్లు కొట్టడంలో ముందుంటాం, కూలి ఇవ్వడంలో వెనకాడతాం.

ఫోన్ తెర మీద మనం వేరే మనుషులం. 2024 చివర్లో తెలంగాణ ఆర్టీసీ బస్సులో ఒక అంధ యువకుడు పాడిన వీడియోను అప్పటి ఎండీ సజ్జనార్ సామాజిక మాధ్యమంలో పెట్టి, ఒక అవకాశం ఇవ్వమని సంగీత దర్శకుడు కీరవాణిని అడిగారు. మరో సంగీత దర్శకుడు తమన్ స్పందించి టీవీ పోటీలో పాడే వీలు కల్పిస్తానన్నారు. సజ్జనార్ చేసింది మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. నా కోపం మన మీద. అలాంటి గొంతులు ఎన్ని బస్సుల్లో, ఎన్నేళ్ళుగా పాడుతున్నాయి? పక్క సీట్లో కూర్చుని విన్న మనకు ఆ గొంతు విలువ ఒక అధికారి చెప్పేదాకా ఎందుకు తెలియలేదు? 2019లో పశ్చిమ బెంగాల్‌లోని రాణాఘాట్ స్టేషన్లో పాడుకుంటున్న రాణు మండల్‌నూ దేశం ఇలాగే నెత్తిన పెట్టుకుంది. సినిమాలో పాడించింది. కొద్ది నెలలకే ఆమె ముఖానికి వేసిన మేకప్‌ను పట్టుకుని అదే దేశం ఆమెను నవ్వులపాలు చేసింది. పాటను ప్రేమించినవాళ్ళు చేసే పనేనా అది?

‘మా ప్రశాంతత సంగతేమిటి?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి డ్యూటీ చేసి కూలబడ్డవాడు ఉంటాడు, జ్వరంతో ఉన్న పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకున్న తల్లి ఉంటుంది. ఈమధ్య కొందరు మెడలో స్పీకర్ వేలాడదీసుకుని, రికార్డు ట్రాక్ పెట్టి చెవులు చిల్లులు పడేలా పాడుతున్నారు. అది నాకూ సమ్మతం కాదు. డబ్బు ఇచ్చేదాకా మీద పడి కదలనివాళ్ళను వెనకేసుకురావడం కూడా నా ఉద్దేశం కాదు. అయితే ఆ ప్రశాంతత మీద ప్రేమ అందరి మీదా ఒకేలా చూపించండి. పక్కవాడు ఫోన్‌లో రీల్స్ గంటసేపు గట్టిగా పెట్టుకుంటే పళ్ళు బిగించి ఊరుకుంటాం. ముంబయి లోకల్ రైళ్ళలో ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు భజన మండళ్ళు కట్టి, డోలక్, తాళాలతో పాడుకుంటే దాన్ని ఆ నగరపు సంస్కృతి అని మురిపెంగా చెప్పుకుంటారు. వాళ్ళు చెయ్యి చాపరు కాబట్టి వాళ్ళది సంస్కృతి అయింది. చెయ్యి చాపినవాడిది గోల అయింది. మనల్ని ఇబ్బంది పెడుతున్నది చప్పుడు కాదు, పేదవాడు మన కళ్ళలోకి చూసి డబ్బు అడగడం.

బెంగాల్‌లో బోల్‌పూర్ వైపు వెళ్ళే రైళ్ళలో బావుల్ గాయకులు ఏక్‌తారతో ఎక్కితే జనం చోటిచ్చి వింటారు. బావుల్ పాటకు యునెస్కో గుర్తింపు బంగ్లాదేశ్ పేరు మీద 2005లో వచ్చింది. లండన్ భూగర్భ రైల్వేలో ఇలా పాడటం ఒకప్పుడు నేరం. 2003లో పాడించి చూసి లైసెన్స్ ఇచ్చే పద్ధతి పెట్టారు, స్టేషన్లో నిలబడే చోటు గుర్తు పెట్టి చూపించారు. పారిస్ మెట్రో 1997 నుంచి వాయిద్యకారులను ఎంపిక చేసి గుర్తింపు కార్డులిస్తోంది. రెండు చోట్లా అనుమతి స్టేషన్లలోనే, పెట్టెల్లో కాదు. మనకూ అలాంటి పద్ధతి పెట్టడానికి ఏం అడ్డం? సికింద్రాబాద్, కాచిగూడ, విజయవాడ, విశాఖ స్టేషన్లలో, అమీర్‌పేట మెట్రోలో, పెద్ద బస్టాండ్లలో ప్రకటనల బోర్డులకు ఎంత జాగా ఉందో చూడండి. అందులో నాలుగడుగులు పాటకు ఇవ్వలేమా? కార్డు ఇవ్వండి, వంతులు పెట్టండి, స్పీకర్ వద్దనండి, డబ్బు కోసం ఒత్తిడి చేస్తే కార్డు తీసేస్తామనండి. పగటి పూట నడిచే పాసింజర్లలో మాత్రం కార్డున్నవాళ్ళను పెట్టెల్లోనే పాడనివ్వండి. ఆ బండ్లలో పాట మన బతుకులో ఎప్పటినుంచో భాగం. చూపులేని మనిషికి దరఖాస్తు నింపి పెట్టే బాధ్యత కూడా రైల్వేదే.

రైల్వే కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. పాట వద్దనుకుంటే మర్యాదగా ‘వద్దండీ’ అని చెప్పండి. విన్నారా, డబ్బు ఇవ్వండి. చిల్లర లేదనే మాట ఇక చెల్లదు, ఫోన్‌తో పంపే రోజులివి. వీడియో తీయాలనుకుంటే ముందు అడగండి, తీసినందుకు విడిగా ఇవ్వండి. పాడే మనిషి వయసెంతైనా, బట్టలెలా ఉన్నా ‘మీరు’ అనండి. పోలీసు వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంటే తల వంచుకోకండి. ‘ఆయన మాకు పాడాడు, మేము విన్నాం, ఆయన్ని వదలండి’ అని లేచి నిలబడి చెప్పండి.