ఉండి ఉండి కొట్టే గేరు దెబ్బ గురించి ఒక విన్నపం

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లి నుంచి రాస్తున్నాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ రైల్వేలో చేరాడు. నాన్నా నేనూ ఇద్దరం వర్క్‌షాపులో ఫిట్టర్లుగా చేసి రిటైరయ్యాం. ఇప్పుడు రాస్తున్నది మాత్రం కార్ల సంగతి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో వచ్చి పోతుండే లోపాన్ని పట్టుకోవడానికి కావలసిన సమాచారం బయటి మెకానిక్కులకు కూడా అందేలా చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

మాది ఆరు గేర్ల ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కిందటేడాది వేసవిలో ఓ సాయంత్రం గోల్‌బజార్ నుంచి ఇంటికి వస్తుంటే, రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు అదిరింది. వెనక సీట్లో పెట్టిన పప్పు గిన్నె మూత ఎగిరి కింద పడింది. ఏ ఆటో అయినా తగిలిందేమోనని మా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తర్వాత పది రోజులు బండి ఏమీ ఎరగనట్టు నడిచింది. పదకొండో రోజు మళ్లీ అదే దెబ్బ.

కంపెనీ సర్వీస్ సెంటరుకు మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ పొద్దున పదింటికి, ఇంజను చల్లగా ఉండగా, పది నిమిషాలు తిప్పి, స్కానరు పెట్టి చూసి, కోడ్ ఏమీ లేదన్నారు. జాబ్ కార్డు మీద నేను చెప్పిందంతా ‘జెర్క్’ అనే ఒక్క మాటకు కుదించేశారు. మూడోసారి, గేర్‌బాక్సులో ఆయిల్ దారులు తిప్పే వాల్వ్ బాడీ మొత్తం మార్చాలంటూ 1,85,000 రూపాయల ఎస్టిమేట్ చేతికిచ్చారు. లోపమే కనబడలేదంటున్నారు కదా, మరి అంత భాగం ఎందుకు మార్చడం అని అడిగితే, ‘మార్చి చూద్దాం సార్’ అన్నారు. పెన్షన్ మీద బతికేవాణ్ణి. ఆ మాటకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సునే యంత్రంతో మార్చే రకం) బండ్లలో గేరు మారినప్పుడు కాస్త ఊగడం వాటి స్వభావం. మాది ఆ రకం కాదు, టార్క్ కన్వర్టర్‌ది. టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్సులో క్లచ్ పెడల్ ఉండదు గానీ లోపల క్లచ్ ప్యాకులు చాలానే ఉంటాయి. ఒకటి వదులుతుండగానే ఇంకొకటి పట్టుకోవాలి. ఇదంతా రెప్పపాటులో, ఆయిల్ ప్రెషరుతో జరిగిపోతుంది. ఎంత ప్రెషరు పంపాలో కంప్యూటరు లెక్కగట్టి సోలినాయిడ్లతో చేయిస్తుంది. ఇంజను ఎంత బలం తీస్తోంది, లోపలికొచ్చే షాఫ్టు, బయటికిపోయే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, ఆయిల్ ఎంత వేడెక్కింది, ఇవీ ఆ లెక్కకు ఆధారాలు. వీటిలో ఒకటి తప్పుగా అందినా, క్లచ్ జారిపోకుండా కంప్యూటరు చాలాసార్లు ప్రెషరు పెంచేస్తుంది. మన నడుముకు తగిలే దెబ్బ అదే.

అందుకని దెబ్బ గేర్‌బాక్సులో వినబడినంత మాత్రాన తప్పు గేర్‌బాక్సులోనే ఉండాలని లేదు. ఆయిల్ తగ్గినా, వేరే రకం ఆయిల్ పోసినా కొడుతుంది. ఇంజను మౌంటు రబ్బరు తెగినా, బ్యాటరీ ఎర్త్ తీగ వదులైనా, ఇంజనులోకి పోయే గాలిని కొలిచే సెన్సారుకు మురికి పట్టినా కొడుతుంది. వీటిలో చాలావాటి ఖర్చు వేలల్లోనే తేలిపోతుంది. ఏది కారణమో తేల్చాలంటే దెబ్బ కొట్టే క్షణంలో ఏ అంకె ఎలా ఉందో చూడాలి.

రైల్వేలో మాకో అలవాటుంది. లోకో పైలట్ తను గమనించిన తేడాను ఇంజను లాగ్ బుక్కులో రాస్తాడు. షెడ్డులో పని మొదలయ్యేది ఆ రాత చదివాకే. నేనూ ఒక నోట్‌బుక్ కొన్నాను. అందులోవి రెండు:

‘మే 14, సాయంత్రం 5.40. బయల్దేరి 45 నిమిషాలైంది. ఏసీ వేసి ఉంది. గోతిలో పడి లేచాక, 2 నుంచి 3కి దెబ్బ.’

‘మే 19, పొద్దున. చౌరంగీ దాటి హైవే మీద 60 కిలోమీటర్లు. ఒక్కసారీ లేదు.’

రెండు నెలల్లో 11 దెబ్బలు. అన్నీ బండి బాగా వేడెక్కాకే. అందులో తొమ్మిది గతుకుల తర్వాత.

మా ఊళ్లోనే ఇందా వైపు చిన్న షెడ్డు నడిపే మన తెలుగు కుర్రాడొకడు ఆ నోట్‌బుక్ నిలబడే మొత్తం చదివాడు. ‘బాబాయ్, ఇది వాల్వ్ బాడీ అయితే గొయ్యి కోసం ఎందుకు ఆగుద్ది? ఎక్కడో తీగ కదుల్తోంది’ అన్నాడు. అయితే అతని స్కానరులో గేర్‌బాక్సు లోపలికొచ్చే షాఫ్టు వేగం కనబడదు. కోల్‌కతాలో స్నేహితుడి దగ్గర నుంచి పెద్ద స్కానరు ఒక రోజు అద్దెకు తెచ్చాడు. ముందు ఆయిల్ చూశాడు. మా బండికి డిప్‌స్టిక్ లేదు. ఇలాంటివాటిలో చాలావాటికి ఆయిల్ దాదాపు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజను నడుస్తుండగా, కింద ప్లగ్ తీసి మట్టం చూడాలి. మట్టం సరిగ్గానే ఉంది, మాడు వాసన లేదు.

తర్వాత బండిని బాగా వేడెక్కించి, గేరు ‘పార్క్’లో పెట్టి, నన్ను సీట్లో కూర్చోబెట్టి స్కానరులో ఆ షాఫ్టు వేగం అంకెలు పైకి చదవమన్నాడు. తను కింద పడుకుని వైర్ల కట్టను జానెడు జానెడు చొప్పున కదుపుతున్నాడు. ‘ఏడొందల ఇరవై. ఏడొందల పదిహేను. ఏడొందల ఇరవై. సున్నా!’ కింద చెయ్యి ఆగింది. ‘ఏంటన్నావు బాబాయ్?’ ‘సున్నా పడి మళ్లీ వచ్చేసిందిరా.’ మళ్లీ అక్కడే కదిపాడు. మళ్లీ సున్నా.

కనెక్టరు ఊడదీస్తే ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది, దాన్ని పట్టుకోవాల్సిన టెర్మినల్ నోరు తెరుచుకుని ఉంది. కోడ్ పడాలంటే తప్పు అంకె కొంతసేపు నిలవాలి. ఇది రెప్పపాటులో వచ్చి పోతోంది, అందుకే మూడుసార్లూ కోడ్ లేదు. టెర్మినలు, కూలి కలిపి 900 రూపాయలు, స్కానరు అద్దె 1,500. అక్కడితో పని పూర్తి కాలేదు. ఏ క్లచ్చుకు ఎంత ప్రెషరు కావాలో ఈ కంప్యూటరు నడుస్తూ నేర్చుకుంటుంది. తప్పు అంకెలతో నేర్చుకున్నది చెరిపి కొత్తగా నేర్పాలి. అలా చెరిపే మెనూ అద్దె స్కానరులో తెరుచుకోలేదు. మూడు వారాలు మెల్లగా నడిపాక గానీ గేరు మార్పు మెత్తబడలేదు.

కార్యదర్శి గారూ, నేను చెప్పదలచుకున్న తాళం ఇదే. స్కానరుతో బండి లోపాలు చదివే ఓబీడీ-2 పద్ధతి పుట్టింది పొగ కాలుష్యం అదుపు కోసం. కాబట్టి ఇంజను అంకెలు ఎవరి స్కానరుకైనా దొరుకుతాయి. గేర్‌బాక్సు దగ్గరికొచ్చేసరికి చవక స్కానరు చాలాసార్లు పీ0700 అని చూపించి ఊరుకుంటుంది. గేర్‌బాక్సు కంప్యూటరును అడగమని దానర్థం. ఆ కంప్యూటరును పూర్తిగా అడిగే దారి బయటి మెకానిక్కుకు సులువుగా దొరకదు.

2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసి, విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్కులకూ దొరకాలని ఆదేశించింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2022 జులైలో రిపేరు హక్కు మీద మీ శాఖే కమిటీ వేసి, అందులో వాహనాలను కూడా చేర్చింది. ఆ డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఈ హక్కుకు 2012లోనే ఓటర్లు ఓటు వేశారు. యూరప్‌లో 2020 సెప్టెంబరు నుంచి అమలవుతున్న వాహన నిబంధన రిపేరు సమాచారాన్ని బయటివారికీ ఇచ్చి తీరాలంటోంది.

మన దగ్గర కూడా గేర్‌బాక్సు ప్రత్యక్ష అంకెలు, నేర్చుకున్నది చెరిపే మెనూ, ఆయిల్ రకం, మట్టం చూడాల్సిన వేడి, ఇవన్నీ న్యాయమైన ధరకు ఏ మెకానిక్కుకైనా దొరకాలి. ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అనే మాటకు ఎన్ని కిలోమీటర్లో అంకె రాయించండి. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. అన్నిటికన్నా ముందు జాబ్ కార్డు సంగతి చూడండి. యజమాని చెప్పింది అతని మాటల్లోనే, అతని భాషలోనే రాయాలి. ఎంత వేడి మీద, ఎంతసేపు, ఎలాంటి రోడ్డు మీద నడిపి చూశారో దాని కింద రాయాలి. దీనికి ఏ కంపెనీ రహస్యమూ బయట పెట్టక్కర్లేదు.

బండి ఇప్పుడు బాగుంది. మొన్న దసరాకు బాలాసోర్, భువనేశ్వర్, ఇచ్ఛాపురం మీదుగా ఊరికి వెళ్లొచ్చాం. ఒక్క దెబ్బ లేదు. నా నోట్‌బుక్ జెరాక్సు ఈ ఉత్తరానికి జతచేశాను. చివరి పేజీలో ఉన్న రాత ఆ కుర్రాడిది, గ్రీజు వేలిముద్రతో సహా: ‘ఇన్‌పుట్ స్పీడ్ సెన్సారు కనెక్టరు, రెండో పిన్ను వదులు.’

ఇట్లు,
సుభాష్‌పల్లి నుంచి ఒక రిటైర్డ్ ఫిట్టరు