మన్సూరాబాద్ ముచ్చట్లు – 17: బీడీ కట్ట మీద ఎవరికి అంత ప్రేమ?

గత భాగం కింద ఒక తమ్ముడు పెట్టిన కామెంట్ దగ్గర మొదలుపెడతాను. "అన్నా, ఫిబ్రవరి నుంచి సిగరెట్ రేట్లు పెంచిండ్రు. ఎవడన్నా మానేసిండా? పేదోని జేబు కొట్టుడు తప్ప ఇంకేముంది దీంట్ల?" దాని కింద బోలెడు లైకులు. కొట్టినవాళ్లలో సగం మంది మన మీటింగులకు వచ్చేవాళ్లే. అందుకే ఒక్క లైనులో జవాబిచ్చి వదిలేయలేకపోయాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పన్ను పెంచితే పొగ తాగడం తగ్గుతుంది. నిజంగానే తగ్గుతుంది. మన గొడవ పన్నుతో కాదు. ఆ పన్ను మనవాళ్లు తాగేదాని మీద పడకుండా ఎవరు ఆపుతున్నారు, ఎవరి పేరు చెప్పి ఆపుతున్నారు అన్నదే మన గొడవ.

పొద్దున ఆరున్నరకు ఎల్బీనగర్ అడ్డా మీద నిలబడి చూడండి. మేస్త్రీ పని, పారపని, పెయింటింగ్ పని కోసం వచ్చినవాళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి మొదలుకొని ఒడిశా, బీహార్ దాకా ఉంటారు. చాయ్ చేతిలో, బీడీ వేళ్ల మధ్యలో. పది దాటాక మన్సూరాబాద్‌లో ఏదైనా కాలేజీ పిల్లలు చేరే చాయ్ హోటల్ దగ్గరికి రండి. అక్కడ బీడీ కనపడదు. ఒక్క సిగరెట్ విడిగా కొని ముగ్గురు పంచుకుంటారు. రేటు పెరిగినంక ముగ్గురు కాస్తా నలుగురయ్యారని డబ్బా ఆమె నవ్వుతూ చెప్పింది. తమ్ముడూ, నువ్వు "ఎవరూ మానలేదు" అంటున్నావు గానీ, పొగ తగ్గడం మొదలయ్యేది ఇట్లాగే. ఒకేసారి మానేసేవాడు ఎక్కడో ఒకడుంటాడు. నాలుగు తాగేవాడు మూడుకు దిగుతాడు. ఇంకా మొదలుపెట్టని పిల్లవాడు ఆగిపోతాడు. ఆ ఆగిపోయినవాడు నీ కంటికి కనపడడు కదా.

చాలా దేశాల అనుభవం మీద డబ్ల్యూహెచ్‌వో చెప్పే లెక్క ఒకటుంది. ధర 10 శాతం పెరిగితే మనలాంటి దేశాల్లో వాడకం 5 శాతం దాకా తగ్గుతుంది. జేబులో డబ్బు తక్కువున్న వాళ్లలో, వయసులో చిన్నవాళ్లలో ఎక్కువ తగ్గుతుంది. మన దేశంలో పెద్దవాళ్లలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవాళ్లు 2009-10 సర్వేలో 34.6 శాతం ఉంటే, 2016-17 నాటికి 28.6 శాతానికి దిగారు. ఇదంతా పన్ను ఘనతేనని నేను అనను. మధ్యలో డబ్బా మీద బొమ్మల హెచ్చరిక 85 శాతానికి పెరిగింది, గుట్కా నిషేధాలు వచ్చాయి, బడుల్లో ప్రచారం జరిగింది. ఇన్ని కలిస్తేనే తగ్గింది. కానీ 2017లో జీఎస్టీ వచ్చిన తర్వాత సిగరెట్ మీద పన్ను పెద్దగా కదల్లేదు. జీతాలు, కూలి రేట్లు మాత్రం ఎంతో కొంత పెరిగాయి. అంటే సిగరెట్ ఏటేటా కాస్త చౌక అవుతూ వచ్చినట్టే. ఈ 2026 ఫిబ్రవరి 1 నుంచి 40 శాతం జీఎస్టీ, దాని మీద పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు 2,050 నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్ వేశారు. ఇన్నేళ్లకు కొంచెం గట్టి దెబ్బే.

ఇప్పుడు బీడీ సంగతి చూద్దాం. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్‌ను 40 శాతంలోకి నెట్టిన అదే సమావేశంలో బీడీని 28 నుంచి 18కి దింపింది. బీడీ చుట్టే ఆకు మీద పన్నును 18 నుంచి 5కు దింపింది. పేపర్లన్నీ సిగరెట్ మీద హెడ్డింగులు పెట్టాయి. బీడీ లోపలి పేజీలో ఒక లైను. రాసినవాళ్లు, చదివినవాళ్లు తాగేది సిగరెట్ కాబట్టి అనుకుంటా.

బీడీ పొగ సిగరెట్ పొగ కంటే మెత్తనిదేం కాదు. నికోటిన్, తారు సమానంగానో ఎక్కువగానో లోపలికి పోతాయి. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, తరచుగా పీల్చాలి. దేశంలో సిగరెట్ తాగేవాళ్ల కంటే బీడీ తాగేవాళ్లే ఎక్కువ. ఏ సర్వే చూసినా పొగాకు ఎక్కువగా వాడేది ఎస్టీ, ఎస్సీ మగవాళ్లు, అందులోనూ అట్టడుగు ఆదాయంలో ఉన్నవాళ్లు. పొగ తాగేవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. ఇరుకు గది, సగం కడుపు, దుమ్ములో పని, దాని మీద బీడీ. పన్ను ఎక్కడ వేస్తే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో అక్కడే తగ్గించారు. దీన్ని పేదల మీద దయ అంటే నేను ఒప్పుకోను.

"బీడీలు చుట్టే ఆడవాళ్ల పొట్ట కొడతావా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల వైపు లక్షల మంది బీసీ, ముస్లిం, దళిత ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని చాటలో పొగాకు పెట్టుకుని చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు బాగలేదని, బీడీ సన్నగుందని కొన్ని తీసేసి కట్ చేసుడు వేరే. పన్ను 28 ఉన్నప్పుడు వాళ్ల నడుము నొప్పి అట్లాగే ఉంది, 18 అయినంక కూడా అట్లాగే ఉంటది. 1976లో వాళ్ల సంక్షేమానికని బీడీల మీద ఒక సెస్ పెట్టారు. దవాఖానలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, ఇళ్లు ఆ నిధి నుంచి వచ్చేవి. 2017లో జీఎస్టీ పేరు మీద ఆ సెస్‌నే ఎత్తేశారు. బీడీ కార్మికురాలి మీద నిజంగా అంత ప్రేమ ఉంటే ముందు నిలబెట్టాల్సింది దాన్ని కదా? ఆమె ఫొటో ముందు పెట్టి, లాభం సేట్ల ఖాతాలో వేస్తున్నారు.

ఇక ఆంక్షలు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగొద్దన్న రూల్ 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చింది. గాంధీ పుట్టినరోజు చూసుకుని మరీ పెట్టారు, నీతి చెప్పాలంటే ఆ తేదీ దొరుకుతుంది వీళ్లకు. జరిమానా 200 రూపాయల దాకా. బడి, కాలేజీకి 100 గజాల లోపు అమ్మొద్దు, 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మొద్దు. ఈ రూల్స్ మంచివే, నేను వ్యతిరేకం కాదు. కానీ దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో తనిఖీ అంటే పడేది పాన్ డబ్బా మీదే. భర్త పోయిన ఆడమనిషి, కాలు విరిగిన ఆటో డ్రైవర్ నడిపే డబ్బా అది. సరుకు పంపిన కంపెనీ దాకా ఎవరూ పోరు. ఇంకో ముచ్చట. ఎల్‌ఐసీకి ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా ఉంది. ఒక చేత్తో బొమ్మల హెచ్చరిక, ఇంకో చేత్తో డివిడెండ్.

గుట్కా చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే నిషేధం. తెలంగాణలో 2024 మేలో మళ్లీ ఏడాదికి ఉత్తర్వు ఇచ్చారు. ఆటోనగర్ దగ్గర లారీ దిగిన ఏ క్లీనర్‌నైనా అడగండి దొరుకుతుందో లేదో. నిషేధించిన వస్తువు మీద పన్ను రాదు, రేటు ఎవరి చేతిలోనూ ఉండదు. అందుకే నాకు నిషేధం కంటే పన్ను మీదే నమ్మకం. విడి సిగరెట్ అమ్మకం ఆపడం మాత్రం కావాలి. బొమ్మ కనపడేది, రేటు పూర్తిగా తగిలేది డబ్బా కొన్నప్పుడే.

"రోజంతా చాకిరీ చేసేవానికి ఉన్న ఒక్క సుఖం బీడీ, దాన్ని కూడా పీకేస్తారా" అని మన దోస్తులే అంటారు. మా నాయిన హమాలీ. రాత్రి లోడు దించేటప్పుడు ఆకలి చావడానికి బీడీ. రేటు పెరిగినప్పుడు ఆయన మానలేదు. సగం తాగి, ఆర్పి, చెవి వెనక పెట్టుకునేవాడు. మిగతా సగం పొద్దున. ఆ చెవి వెనక సగం బీడీ నా కళ్ల ముందే ఉంటది. పన్ను పని చేస్తదా అని ఎవరన్నా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది అదే. 54 ఏళ్లకు పోయిండు. దగ్గుతో డాక్టర్ దగ్గరికి పోతే "మానెయ్" అన్నారు. ఎట్ల మానాల్నో ఎవరూ చెప్పలే.

అది సుఖం కాదు. ఆకలికి దొరికిన చౌక మందు.

ఫిలిప్పీన్స్‌లో 2012లో సిగరెట్, మద్యం పన్నులు బాగా పెంచి, అదనంగా వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పేదల ఆరోగ్య బీమాకు కట్టారు. మన దగ్గర బీడీ మీద కూడా సిగరెట్‌తో సమానంగా పన్ను వేసి, అందులో కొంత బీడీ కార్మికుల నిధికి చట్టంలో రాసి మరీ ఇయ్యమని అడుగుదాం. ఇంకొంత బస్తీ దవాఖానలకు. మాన్పించే మాత్రలు, నికోటిన్ గమ్, మాట్లాడే మనిషి ముగ్గురూ అక్కడ ఉండాలి. ప్యాకెట్ మీద ఒక టోల్‌ఫ్రీ నంబరు ముద్రిస్తున్నారు, 1800-11-2356. అడ్డా మీద పదకొండు మందిని అడిగితే ఆ నంబరు ఒకటుందని ఒక్కరికీ తెలియదు.

వచ్చే ఆదివారం పొద్దున ఎల్బీనగర్ అడ్డా దగ్గర కలుద్దాం. కామెంట్ పెట్టిన తమ్ముడూ, నువ్వు తప్పకుండా రా. బీడీ పన్ను మీద కరపత్రం రాస్తున్నాం. "పేదోని జేబు" అన్న నీ మాట దాంట్లో ఉండాలంటే ఎక్కడ పెట్టాల్నో నువ్వే చెప్పు.

జై భీమ్.