ఆపదకు వేలంపాట వద్దు
హైదరాబాద్‌లో పనికి పోయిన కొడుకు ఆసుపత్రి పాలయ్యాడని ఫోనొస్తే, నౌపడ ఉప్పు కొఠారుల్లో పనిచేసే తండ్రి మర్నాడే రైలెక్కాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. కష్టం మాత్రం చెప్పి రాదు. తత్కాల్ అయిపోతే మిగిలేది ప్రీమియం తత్కాల్. అక్కడ బెర్తులు అమ్ముడవుతున్నకొద్దీ స్లీపర్ ఛార్జీ కూడా పైకెక్కుతుంది. ఖరారైన టికెట్ రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. 2016 సెప్టెంబరులో రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లకు తెచ్చిన, ఇలాగే సీట్లు నిండేకొద్దీ పెరిగే ఫ్లెక్సీ ఛార్జీ పలాసలో ఆగే విశాఖ–భువనేశ్వర్ వందేభారత్‌కు వర్తించదు. వేగంగా, సుఖంగా వెళ్లేవారికి దక్కిన ఆ నిలకడ మామూలు ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ ఎక్కే కూలీకి ఎందుకు దక్కకూడదు? ఖాళీ సీటు నింపడానికి ధర తగ్గిస్తే మేలే. తప్పనిసరై వచ్చినవాడి దగ్గర పెంచడం ప్రజల రైల్వేకు తగదు. స్లీపర్ తరగతిని ప్రీమియం తత్కాల్ నుంచి పూర్తిగా తప్పించాలి.