ఫొటోలు క్షేమంగా ఇంటికి రావాలంటే

పిల్లలూ,

ఈ నెల మనకు లాల్ దర్వాజా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది ఏడో తరగతి చదివే అమ్మాయి. ఆమె ఇలా రాసింది:

"వేసవి సెలవులకు మేమంతా దుబాయిలో ఉన్న మా బాబాయి ఇంటికి పోతున్నాము. మా నానమ్మ విమానం ఎక్కటం ఇదే మొదటిసారి. ఒక్కటి కూడా వదలకుండా ఫొటోలు తియ్యమని నాతో చెప్పింది. కాని నాన్న ఫోను ఇప్పుడే 'స్టోరేజి ఫుల్' అంటున్నది. చోటు కోసం పాతవి తీసేస్తే తమ్ముడి పుట్టినరోజు ఫొటోలు పోతాయి. ఏం చెయ్యాలి?"

మంచి ప్రశ్న. జవాబు చెప్పేముందు, ఇదే చిక్కు మన ఊళ్ళో పూర్వం ఎలా ఉండేదో చూద్దాము.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర రాజా దీన్ దయాళ్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాం ఆయనకు "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్" అని బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆనాటి హైదరాబాదు దర్బారులూ, భవనాలూ, వేటలూ మనం ఈనాడు చూడగలుగుతున్నామంటే అందులో చాలా భాగం ఆయన చలవే.

ఆ రోజుల్లో ఫొటో అద్దపు పలక మీద పడేది. ఒక పలకకు ఒకే ఫొటో. పది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పలక అనుకుని లెక్క వెయ్యండి. బరువు సుమారు 390 గ్రాములు వస్తుంది. వంద ఫొటోలు తియ్యాలంటే 39 కిలోల అద్దం మొయ్యాలి! దారిలో బండి కుదిపితే పలక పగులుతుంది. వెలుతురు సోకితే పాడవుతుంది. అందుకే పలకలను పెట్టెల్లో జాగ్రత్తగా సర్దేవారు. తరవాత వెతకటానికి వీలుగా పలకలకు అంకెలు వేసేవారు. దీన్ దయాళ్ 1905లో పోయాడు. ఆయన స్టూడియో పలకలు 2857 మిగిలి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. అద్దం అంత పెళుసైనది కదా, అయినా వందేళ్ళు నిలిచింది. ఎందుకు? ఎవరో ఒకరు దాన్ని శ్రద్ధగా దాచారు కాబట్టి.

ఆ తరవాత బరువు తగ్గుతూ వచ్చింది. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ చుట్టలుగా చుట్టిన ఫిల్ముతో కెమెరా అమ్మాడు. అందులో 100 ఫొటోలు పట్టేవి. అవి అయిపోగానే కెమెరాను కెమెరాగానే ఫాక్టరీకి పంపాలి. వాళ్ళు ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవారు. 1975లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు ఫిల్ము లేని కెమెరా చేశాడు. దాని బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క ఫొటోను టేపు మీదికి ఎక్కించటానికి 23 సెకండ్లు పట్టేది. ఆ ఫొటోలో పదివేల చుక్కలు ఉండేవి. నాన్న ఫోను ఫొటోలో కోటి ఇరవై లక్షల చుక్కలు ఉన్నాయనుకోండి, అది దానికి 1200 రెట్లు!

ఇంతకూ ఈ చుక్కలు ఎక్కడ ఉంటాయి? ఫోనులోనూ, మెమరీ కార్డులోనూ సిలికాన్ చిప్పు ఉంటుంది. దాని మీద కంటికి కనిపించని గదులు కోట్లకొద్దీ ఉంటాయి. ఫొటో తియ్యగానే కెమెరా ఆ వెలుగును అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల ప్రకారం ఒక్కొక్క గదిలో కొన్ని ఎలక్ట్రాన్లు చేరతాయి. గది చుట్టూ విద్యుత్తును పోనివ్వని పొర ఉంటుంది కాబట్టి ఫోను ఆపేసినా అవి అక్కడే ఉంటాయి. నానమ్మ నవ్వు కూడా చివరికి ఆ గదుల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లే అన్నమాట.

బరువు పోయింది, మంచిదే. కాని బరువుతోపాటు మన జాగ్రత్త కూడా పోయింది. ఇందుకు నా కథే చెబుతాను.

కొన్నేళ్ళ కిందట మా అమ్మను సింగపూరు తీసుకుపోయాను. ఆమె విదేశం చూడటం అదే మొదలు. కెమెరాలో గోరంత మెమరీ కార్డు ఉన్నది. అది నిండగానే తీసి చొక్కా జేబులో వేసుకుని, కొత్త కార్డు పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి జేబు తడిమితే రుమాలు ఉన్నది, కార్డు లేదు. ఎక్కడ జారిపోయిందో! ఎవరినీ అనటానికి లేదు, తప్పు నాదే.

ఒకే ఒక్క ఫొటో మిగిలింది. చెప్పులు చేత్తో పట్టుకుని అమ్మ సముద్రంలో నిలబడి ఉన్న ఫొటో అది. "మీ పిన్నికి ఇప్పుడే పంపించరా" అని అమ్మ పోరుపెడితే, విసుక్కుంటూ ఫోనుతో తీసి పంపాను. ఆ ఫోను కూడా తరవాత పాడైపోయింది. అమ్మ పోయాక పిన్ని దగ్గరనుంచి ఆ ఫొటో తెప్పించి శాలిబండలో ఒక స్టూడియోకు తీసుకుపోయాను. పెద్దది చేస్తే అమ్మ ముఖం మసకగా వచ్చింది. స్టూడియో ఆయన, "అసలుది లేదా సాబ్? ఇది మెసేజిలో వచ్చినది, చిన్నదయిపోయింది" అన్నాడు. అసలుది లేదు. ఆ మసక ఫొటోయే మా ఇంట్లో గోడకు ఉన్నది.

చూశారా? నేను భద్రమనుకున్న కార్డు పోయింది. అమ్మ పంపించమన్నది మిగిలింది. అప్పుడు నాకు తెలిసివచ్చింది: ఒక్కచోటే ఉన్న ఫొటో ఉన్నట్టు కాదు. ఫొటోగ్రాఫర్లు దీన్ని 3-2-1 సూత్రంగా చెబుతారు. ఫొటోకు 3 ప్రతులు ఉండాలి, అవి 2 రకాల వస్తువుల్లో ఉండాలి, వాటిలో 1 ఇంటికి దూరంగా ఉండాలి.

దూరంగా ఎందుకని అడుగుతారేమో. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఒడ్డున ఉన్న ఇళ్ళు వేలకొద్దీ కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆనాడు ఇంట్లో మూడు పెట్టెల్లో మూడు ప్రతులు దాచుకున్నా, ఇల్లే పోతే మూడూ పోయినట్టే కదా!

ఇక లాల్ దర్వాజా అమ్మాయి చెయ్యవలసిన పని చెబుతాను. అమ్మానాన్నలు పక్కన ఉండగా చెయ్యాలి సుమా!

బయలుదేరకముందు, ఫోనులో ఉన్న పాత ఫొటోలను కంప్యూటరులోకీ, ఒక హార్డ్ డిస్కులోకీ ఎక్కించు. ఎక్కాయనుకుని ఊరుకోకు. మొదట ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి తెరిచి చూడు. రెండుచోట్లా బాగా కనిపించాకనే ఫోనులోంచి తీసెయ్యి. అప్పుడు తమ్ముడి పుట్టినరోజుకు భయం ఉండదు.

ఎంత చోటు కావాలో లెక్క వేసుకో. ఒక ఫొటో సుమారు 4 ఎంబీ అనుకుంటే, 64 జీబీ చోటులో 16,000 ఫొటోలు పడతాయి. చోటు మింగేవి వీడియోలు. నిమిషం వీడియోకు 100 ఎంబీ అనుకుంటే, అది 25 ఫొటోల చోటు.

దుబాయిలో దిగగానే కెమెరా గడియారం చూడు. అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనక. ఫోను మామూలుగా తనే మార్చుకుంటుంది, కెమెరాకు మనం మార్చాలి. లేకపోతే రెండింటి ఫొటోలూ కలిపినప్పుడు, నానమ్మ విమానం దిగకముందే బాబాయి ఇంట్లో భోజనం చేస్తూ కనిపిస్తుంది!

ప్రతి రాత్రీ పడుకునేముందు ఆనాటి ఫొటోలను ఫోనుకు తగిలే పెన్‌డ్రైవులోకి ఎక్కించు. ఫోను నాన్న జేబులో ఉంటే పెన్‌డ్రైవు అమ్మ సంచిలో ఉండాలి. రెండూ ఒకే సంచిలో పెడితే, సంచి పోయిననాడు రెండూ పోతాయి.

మూడో ప్రతి క్లౌడులో. క్లౌడు అంటే మేఘమే గాని అది ఆకాశంలో ఉండదు. ఎక్కడో పెద్ద భవనాల్లో వరసగా పేర్చిన కంప్యూటర్లు అవి. బాబాయి ఇంట్లో వైఫై దొరికినప్పుడే ఫొటోలు అక్కడికి పంపు. బయట రోమింగు మీద పంపితే బిల్లు చూసి నాన్న కళ్ళు తిరుగుతాయి.

క్లౌడుతో రెండు చిక్కులు ఉన్నాయి, పెద్దవాళ్ళు కూడా ఇందులో పొరబడుతుంటారు. కొన్ని ఏర్పాట్లలో ఫోనూ క్లౌడూ అద్దమూ ముఖమూ లాంటివి. ఫోనులో ఫొటో తుడిచేస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి చోటు కోసం ఫొటోలు తీసేముందు, పనికిరాని ఫొటో ఒకటి తీసేసి, క్లౌడులో ఉన్నదో లేదో చూడు. రెండోది: ఫోను పోతే కొత్త ఫోనులో క్లౌడు తెరవటానికి ఓటీపీ అడగవచ్చు. అది వచ్చే సిమ్ము పోయిన ఫోనులోనే ఉంటుంది! అందుకే ముందుగానే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి, అమ్మ దగ్గర ఉంచాలి.

మెసేజిలో పంపితే ఫొటో దాగినట్టే అనుకోకు. దారిలో చిన్నదయిపోవచ్చు. పంపవలసివస్తే డాక్యుమెంటుగా పంపు, అసలుది అసలుగానే పోతుంది. నాకు ఇది ఆలస్యంగా తెలిసింది.

పొరపాటున కెమెరా కార్డులో ఫొటోలు తుడిచేస్తే ఏడవకు. చాలాసార్లు ముందు పోయేది పట్టికలోని పేరే, ఫొటో ఇంకా లోపల ఉంటుంది. ఆ కార్డుతో ఇక ఒక్క ఫొటో కూడా తియ్యకుండా తీసి పక్కన పెట్టు. తెలిసినవాళ్ళు బయటికి తియ్యగలరు. కొత్తవి తీస్తే మాత్రం పాతవాటి గదుల్లో అవి వచ్చి కూర్చుంటాయి.

తిరిగి వచ్చాక మరొక పని ఉన్నది. వేల ఫొటోలు ఉంటే ఎవరూ చూడరు. నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆమెకు నచ్చినవి ఒక పాతిక ఏరి, ప్రింటు వేయించి, ఆల్బంలో అంటించు. ప్రతిదాని వెనకా తారీఖు, ఊరు, మనుషుల పేర్లు రాయి. దీన్ దయాళ్ పలకలకు అంకెలు వేసినట్టే ఇదీను.

మిగతా పిల్లలకు కూడా ఒక పని. చార్మినార్ దగ్గరనుంచి లాడ్ బజారులోగా నడిస్తే చౌమహల్లా పాలెస్ వస్తుంది. సెలవురోజున అమ్మానాన్నలతో వెళ్ళి, అక్కడి పాత ఫొటోలు చూడండి. ఇంటికి వచ్చి మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫొటో ఏదో వెతకండి. అందులో ఎవరున్నారు, ఎక్కడ తీశారు, దానికి ఎన్ని ప్రతులు ఉన్నాయి అన్నది నాకు రాయండి. ఒక్కటే ఉంటే, రాసేముందు రెండోది తీయించండి.

లాల్ దర్వాజా అమ్మాయీ, మీ నానమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. విమానం కిటికీ దగ్గర ఆమె ఫొటో మాత్రం మరిచిపోకు. అది ఆ రాత్రికే రెండో చోటికి చేరాలి సుమా!