నగలు లాకర్లో, కాగితాలు తార్నాకలో

మొత్తం 173 నగలు. 1995లో కేంద్రం 218 కోట్లిచ్చి నిజాం ట్రస్టుల దగ్గర కొన్నది. 184 క్యారెట్ల పైచిలుకు జాకబ్ వజ్రం అందులోదే. ఏడో నిజాం దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకునేవాడని చెబుతారు. కేంద్రమేమో రిజర్వు బ్యాంకు లాకర్లో పెట్టింది. 2001లో ఒకసారి, 2006లో ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో హైదరాబాదు జనానికి చూపించారు. 2019లో మళ్ళీ బయటికి తీస్తే ప్రదర్శన ఢిల్లీలో! మన నగలు చూడాలంటే మనమే రైలెక్కాలె కాబోలు.

అవి శాశ్వతంగా హైదరాబాదుకు రావాల్సిందేనని మేమంటున్నం. నవాబుల మీద మోజుతో కాదు.

ఒకప్పుడు రాజు పోగేసుకున్నది రాజు పిలిచినవాడే చూసేది. ఫ్రాన్సులో 1793 జనవరిలో రాజు తల తెగింది, ఆగస్టులో లూవ్ర్ ప్యాలెస్ మ్యూజియమై జనానికి తెరుచుకుంది. మన దగ్గర కథ వేరు. మూడో సాలార్‌జంగ్ 1949లో సంతానం లేకుండా చనిపోయాడు. 1951 డిసెంబర్ 16న ఆయన దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని చేతిలోకి తీసుకుంది. మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది 1968లో. దివాణం గడప తొక్కనియ్యని జనం ఇయ్యాల పిల్లాజెల్లతో వచ్చి గంటల గడియారం ముందు నిలబడుతున్నరంటే అది చిన్న మార్పేం కాదు.

కానీ ముసుగు రెబెక్కా బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నడు. పైసలెక్కడివి? జాగీరు ఊళ్ళ శిస్తు. నిజాం ఖజానాకు? సర్ఫేఖాస్ రాబడి, నజరానాలు. ఆ ఊళ్ళల్ల వెట్టి చేసినోళ్ళ ముచ్చట ఏ గాజుపెట్టె పక్కనా మాకైతే కనబడలేదు.

తార్నాక ఆర్కైవ్స్‌లో నిజాం జమానా ఫార్సీ, ఉర్దూ కాగితాలు గుట్టలుగా ఉన్నయి. నగలు రావాలె. నగల పక్కన ఆ కాలపు శిస్తు లెక్క కూడా, అర్థం తెలుగులో రాసి పెట్టాలె. అప్పుడే అది మ్యూజియం, లేకుంటే నగల దుకాణమే.

భద్రత సాకు చెల్లదు. రెండుసార్లు ఈ ఊరు కాపాడి అప్పగించింది. 2014 నుంచి రాష్ట్రం మనది. ఎంపీలు ఢిల్లీలో గట్టిగ కూసోవాలె. ఈలోపు ఫార్సీ చదవగలిగినోళ్ళను తార్నాకలో కొలువుల్లోకి తీసుకోండి. దానికి ఏ రిజర్వు బ్యాంకు తాళంచెవీ అక్కరలేదు.