కొన్నవాడే పరీక్షకుడా?

క్రీడా వీడియో గేములు కొనేవాడు డబ్బు కట్టి మరీ కంపెనీకి తప్పులు వెతికి పెడుతున్నాడు. ‘యాషెస్ క్రికెట్ 2013’ సంగతే చూడండి. ఆ ఏడాది ఇంగ్లండ్ సిరీస్ నాటికి రావలసింది వాయిదాలు పడి, నవంబరులో ఆస్ట్రేలియా సిరీస్ వేళకు పీసీలపై దిగింది. బంతి ఒక దిక్కు, ఫీల్డర్ పరుగు మరో దిక్కు. మన గల్లీ క్రికెట్ పిల్లలే నయం. కొద్ది రోజుల్లోనే అమ్మకం ఆపేశారు, డబ్బు వాపసిచ్చారు, కన్సోల్ వెర్షన్లూ రద్దు చేశారు. వాపసివ్వడం ఈ రంగంలో అరుదే, ఆ మాట ఒప్పుకోవాలి.

2019 అక్టోబరులో వచ్చిన ‘డబ్ల్యూడబ్ల్యూఈ 2కే20’ది ఇంకా వింత. మల్లయోధుల ముఖాలు వికృతంగా మారిపోవడం అటుంచండి, 2020 జనవరి 1న ఆ గేమ్ నడవనని మొరాయించింది. గడియారాన్ని మళ్లీ 2019కి తిప్పితే మాత్రం బుద్ధిగా నడిచింది! డిసెంబరు తర్వాత జనవరి వస్తుందని ఎవరూ సరిచూడలేదన్నమాట. మరుసటి ఏడాది గేమ్‌ను మానుకుని, 2022 మార్చిలో 2కే22 తెచ్చారు. అది చాలా మెరుగ్గా వచ్చింది.

అంటే చేతకాక కాదు, తీరిక లేక. ఏటా సీజన్‌కు సరుకు దించాలన్న తొందర, తర్వాత ప్యాచ్ వేయొచ్చులే అన్న ధీమా. ఆ గిగాబైట్ల ప్యాచ్‌కు డేటా ఖర్చూ కొన్నవాడిదే. పాఠకులారా, ముందస్తు బుకింగ్ మానండి. విడుదలయ్యాక వారం ఆగి, ఆడినవాళ్ల మాట విని కొనండి.